నేల కింద పొయ్యి, దూలానికి తాడు

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటుంది. "అక్కా, మీరు ఎన్ని దేశాలు తిరిగిండ్రు?"

ఒక్కటి కూడా తిరగలేదు. నల్గొండ గడియారం సెంటర్లో, మిద్దె మీద ఒక్క గదిలో కూర్చుని జిల్లా జనాన్ని కాశీ నుంచి కొరియా దాకా పంపించాను. నేను మాత్రం హైదరాబాదు విమానాశ్రయంలో సాగనంపేవాళ్ళు నిలబడే గేటు దాటలేదు. ఈ మాట చెప్పగానే ఆ పిల్లల ముఖాలు వాడిపోతాయి. ఉప్పు చూడకుండా కూర వండే మనిషిని చూసినట్టు చూస్తారు.

చూడనివ్వండి. దేశం గురించి పుస్తకాలు చెబుతాయి, అవతలి ఏజెంట్లు చెబుతారు, రంగుల కాగితాలైతే అబద్ధాలు కలిపి మరీ చెబుతాయి. పోయే మనిషి గురించి చెప్పేవాళ్ళే ఉండరు. ఆ మనిషి కూడా చెప్పడు, సిగ్గుపడతాడు. అది తెలుసుకోవడమే మన ఉద్యోగం. మిగిలిందంతా గుమాస్తా పని.

జొన్నరొట్టె

బి.ఏ. అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్న నన్ను పనిలో పెట్టుకున్నది ఖాజా సాబ్. ఆ రోజుల్లో, ఎనభైల మొదట్లో, మా వ్యాపారమంతా యాత్రల బస్సులు, గల్ఫ్‌కు పోయేవాళ్ళ టికెట్లు. యాత్ర బస్సులో వంటమనిషి, గిన్నెలు, బియ్యం బస్తాలు కూడా మావే. దారి పొడుగునా వేడి వేడి అన్నం పెడతామని గొప్పగా చెప్పుకునేవాళ్ళం.

ఒకసారి అచ్చంపేట దగ్గరి నుంచి ఒక అవ్వ కాశీ బస్సెక్కింది. తిరిగొచ్చేసరికి సగమైంది. బస్సు దిగుతున్నప్పుడు చెయ్యిచ్చి పట్టుకుని, "ఎట్లున్నదవ్వా కాశి?" అని అడిగాను.

"కాశి మంచిగనే ఉన్నది బిడ్డా. తిండే లేదు."

"అదేంది? మూడు పూటలా అన్నం పెట్టలేదా మావోళ్ళు?"

"పెట్టిండ్రు. అన్నం ఎవలు తింటరు రోజూ? అన్నం పండుగకు గద. నాకు జొన్నరొట్టె లేకుంటే కడుపుల పడ్డట్టుండదు."

"మరి అడగకపోయినవా?"

"అందరు అన్నమే తినవట్టిరి. నేనొక్కదాన్ని అడిగితే ఏమనుకుంటరు?"

ఆ రోజు నుంచి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. దూరం పోయే మనిషి ఎవరైనా సరే, ముందు వాళ్ళింటికి పోయి ఒక పూట అన్నం తినాలి. ఎట్లా కూర్చుంటారో, ఎట్లా లేస్తారో, ఏది ముందు నోట్లో పెట్టుకుంటారో, పడుకునే జాగా ఎట్లా ఉందో చూడాలి. అదయ్యాకే ఏ ఊరు, ఏ బండి అన్న మాట.

ఖాజా సాబ్‌కు ఇది అస్సలు నచ్చలేదు. "సుజాతా బేటీ, మనది టికెట్ల దుకాణమా, పెండ్లి సంబంధాల దుకాణమా? ఇంటింటికి పోయి తిని వస్తున్నవ్!"

"మీరు కూడా రండి సాబ్. మీ షుగర్ సంగతి వాళ్ళింట్లో చెప్పి చప్పటి చాయ్ ఇప్పిస్త."

ఆయనతో నా ఉద్యోగమంతా ఇట్లాగే గడిచింది. అరుచుకునేవాళ్ళం. సాయంత్రానికి ఆయన ఇంటి నుంచి నాకు టిఫిన్ డబ్బా వచ్చేది. మంచి యజమాని అంటే మన మాట వినేవాడని అనుకోకండి. కాదన్నాక కూడా మన దారికి అడ్డు రాకుండా ఉండేవాడు. అట్లాంటివాడు దొరికితే జీతం తక్కువైనా వదలొద్దు.

టీచరమ్మ

తొంభైల మధ్యలో ఒక మధ్యాహ్నం మా మెట్ల మీద ఎవరో ఎక్కుతున్న చప్పుడు. ఒక్కో మెట్టు దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఒక మెట్టు. వచ్చింది మర్రిగూడ వైపు బళ్ళో సాంఘిక శాస్త్రం చెప్పి అప్పుడే రిటైరైన భారతమ్మ టీచర్. వెనకాల ఆమె భర్త యాదగిరి సార్. పోస్టాఫీసులో పనిచేసి ఆయనా దిగిపోయాడు.

ఆమె నడుము ఒక్క చెక్కలా ఉంది. పక్కకు చూడాలంటే మెడ తిప్పదు, మనిషి మొత్తం తిరుగుతుంది. మర్రిగూడ ఫ్లోరైడు నీళ్ళు ఎముకలను ఏం చేస్తాయో జిల్లాలో చెప్పించుకోవాల్సినవాళ్ళు ఎవరూ లేరు. అర్థమైంది.

కూర్చోకముందే అడిగింది. "మమ్మల్ని కొరియాకు పంపుతవా?"

ఖాజా సాబ్ లెక్క రాసుకుంటున్న పెన్ను ఆపాడు. "కొరియానా? టీచరమ్మా, సింగపూర్ పోండి. మెట్లే ఉండవు, అంత లిఫ్టే. చక్రాల కుర్చీల తిప్పుకొస్తరు. అందరు గదే పోతున్నరు."

"అందరు పోయిన కాడికి నేనెందుకు సాబ్? వాళ్ళే వచ్చి చెప్తరు గద."

నాకు ఆమె అప్పుడే నచ్చింది.

ఎందుకు కొరియా అని అడిగితే, సియోల్ ఒలింపిక్స్ అప్పుడు టీవీలో చూశానంది. పరుగు పందేలు ఎవరు గెలిచారో గుర్తులేదట. ఆటల మధ్యలో వాళ్ళ పల్లెటూళ్ళు చూపించారట. ఇంటి కప్పుల మీద, వాకిళ్ళలో ఎర్రగా మిరపకాయలు ఆరబోసుకున్నారట. చుట్టూ రాతి గుట్టలు. "మన ఊరోళ్ళే అనుకున్న. ఎవలో ముక్కులు జర చప్పిడి చేసిండ్రు, గంతే." ఆ మర్నాటి నుంచి దొరికిన పుస్తకమల్లా చదివిందట. పిల్లలకు పాఠంలో లేనివి కూడా చెప్పిందట.

యాదగిరి సార్ అందుకున్నాడు. "మా టీచర్ సగమే చెప్పింది. మిగతాది చెప్పు."

ఆమె కొంచెం సిగ్గుపడింది. "ఆ దేశంల పాత ఇండ్లల్ల నేల కింద పొయ్యి ఉంటదంట. ఒక దిక్కు కట్టెలు పెడితే వేడి అంత నేల కిందికెల్లి పోతదట. మనుషులు ఆ నేల మీదనే పండుకుంటరు. తెల్లారేదాక వెచ్చగ ఉంటదట. ఒక్క రాత్రి గట్ల పండుకోవాలె బిడ్డా. నొప్పి లేకుండ పండుకుంటే ఎట్లుంటదో మర్చిపోయిన."

డాక్టరు చెప్పినదేమంటే, ఈ బిగుసుకోవడం ఆగదు. ఈ ఏడు మెట్లెక్కగలిగింది, వచ్చే ఏడు ఎక్కకపోవచ్చు. పోతే ఇప్పుడే పోవాలి.

ఆ ఇంట్లో అన్నం

మర్రిగూడ బస్సు దిగి వాళ్ళింటికి పోయాను. పెసరపప్పు, చింతకాయ తొక్కు, మజ్జిగ. కుర్చీలున్నా టీచరమ్మ కిందే కూర్చుంది, కాళ్ళు ముందుకు చాపుకుని. ముడుచుకోవు మరి. "పైన కూసుంటే ఆఫీసుల తిన్నట్టుంటది" అంది.

తినడం అయ్యాక ఎట్లా లేస్తుందా అని చూస్తున్నాను. ఇంటి దూలానికి ఒక తాడు వేలాడుతోంది. పిడికిలికి సరిపడే లావు, జానెడు జానెడుకు ముడి, ముడి ముడికీ పాత చీర గుడ్డ చుట్టి ఉంది. ఆమె దాన్ని అందుకుని ఒక్కో ముడి పట్టుకుంటూ, కాళ్ళు వెనక్కి లాక్కుంటూ, నిలువునా లేచి నిలబడింది. యాదగిరి సార్ పక్కనే నిలుచున్నాడు గానీ ముట్టుకోలేదు.

"పట్టుకుంటే కొడుతది" అన్నాడు నాతో.

"లేవనన్న లేవనియ్యయ్యా నన్ను. పాఠం చెప్పిన మనిషిని, బస్త లెక్క లేపుతవా?"

పడకగదిలో ఇంకో తాడు. మంచం పక్కన గూట్లో కాలి నల్లబడ్డ ఇటుకలు, మందపాటి గుడ్డలు. రోజూ పడుకునే ముందు ఆయన ఇటుకలు కాల్చి, గుడ్డలో చుట్టి ఆమె నడుముకు కాపడం పెడతాడు. చల్లారితే ఆమె మూలుగుతుంది. ఆయన లేచి మళ్ళీ కాలుస్తాడు. ఒక్క రాత్రి నిద్ర ఆమెకే కాదు, ఇద్దరికీ కావాలని అప్పుడు తెలిసింది. ఆయన ఆ మాట ఆఫీసులో అనలేదు, ఇంట్లోనూ అనలేదు. ఇటుకలు చెప్పాయి.

అదే నేను ఆ ఇంట్లో తినకపోతే ఏం చేసేదాన్ని? ఫారిన్ అంటే మంచాలు, కుర్చీలు, సోఫాలు అనుకునేదాన్ని. మన వైపు అందరూ అట్లాగే అనుకుంటారు. విమానం ఎక్కి పోయిన చోట కూడా మనుషులు నేల మీద కూర్చుని తింటారని, పరుపు నేల మీదే పరుచుకుంటారని ఎవరికి తడుతుంది? కొరియా ఆ విషయంలో మర్రిగూడే. ఆమెకు కావలసిన నేల అక్కడుంది. ఆ నేల మీది నుంచి లేవడానికి తాడు మాత్రం లేదు.

కొట్టివేతలు

ఇక ప్లాన్. టీచరమ్మ తెచ్చిన కోరికలు చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. సియోల్ రాజభవనాలు, దక్షిణాన ద్వీపం, తూర్పున రాతి పర్వతం, రెండు కొరియాల సరిహద్దు, ఓడరేవు, బౌద్ధ విహారాలు, పొలాల్లో పెద్ద పెద్ద బండలు పేర్చిన పాతకాలపు సమాధులు.

"టీచరమ్మా, సిలబస్ పూర్తి చేయడానికి పోతున్నరా, సెలవుకు పోతున్నరా?"

"ఏది తీసేస్తవ్? అన్నీ ముఖ్యమైనవే."

"ఈ రాతి సమాధులు?"

"సరే, తియ్యి. గట్లాంటి రాకాసి గుండ్లు మనకాడనే ఉన్నయి. పాలమూరు దిక్కు పోతే ఎన్నన్న చూడొచ్చు."

"సరిహద్దు?"

"అది తియ్యను."

"ముళ్ళకంచె చూడనీకె గంత దూరమా? ద్వీపం తియ్యనా మరి?"

"సముద్రం నేనెప్పుడు చూడలే!"

"తూర్పు పర్వతం కాడ సముద్రం కూడ ఉన్నది. ఒక్క చోట రెండు చూడొచ్చు. తీగ మీద పోయే పెట్టెల కూసోబెట్టి పైకి తీసుకపోతరు, ఒక్క మెట్టు ఎక్కే పని లేదు."

ఇట్లా కొట్లాడి కొట్లాడి, చివరికి మూడు చోట్లు మిగిల్చాం. సియోల్‌లో ఒక రాజభవనం, తూర్పున పర్వతమూ సముద్రమూ, ఆండోంగ్ దగ్గర పల్లెలో పొయ్యి ఉన్న పాత ఇల్లు. ఆ ఇంటికి అన్నిటికన్నా ఎక్కువ రాత్రులు ఇచ్చాను. పిల్లలూ, గుర్తుపెట్టుకోండి. చోట్లు కలపడం ఎవరైనా చేస్తారు. తీసేయడానికి పోట్లాడే ఓపిక ఉండాలి. కస్టమర్ కోపం తెచ్చుకుంటాడని భయపడి అన్నిటికీ తలూపే ఏజెంటు ఆ కస్టమర్‌కు బస్సు కిటికీ తప్ప ఇంకేమీ చూపించడు.

కాలం కూడా నేనే కుదిర్చాను. మిరపకాయలు ఆరే రోజులు. చలి మొదలై పొయ్యి వెలిగించే రోజులు. ఆ రెండూ కలిసేది వానలు వెనకపట్టాక కొద్ది వారాలే.

నల్లటి ఫ్యాక్స్

సియోల్‌లో మా తరఫున పనిచేసింది కిమ్ అనే ఏజెంటు. మర్యాదస్తుడు. పొయ్యి ఉన్న ఇల్లు వెతకడానికే పాపం చాలా తిరిగాడు. పట్నంలో నేల కింద పొయ్యిల బదులు వేడినీళ్ళ గొట్టాలు వచ్చేశాయట. చివరికి ఒక పల్లెలో ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ ఇల్లు దొరికింది. అప్పుడు నేను ఇంగ్లీషులో ఒక ఫ్యాక్స్ పంపాను. గదిలో దూలం ఉండాలి, దానికి బలమైన తాడు కట్టనివ్వాలి, అతిథికి తాడు చాలా అవసరం.

మర్నాడు ఆఫీసుకు పోయేసరికి ఖాజా సాబ్ కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముఖం పాలిపోయింది.

"బేటీ, ఏం రాసినవ్ నువ్వు? ఆ టీచరమ్మకు ఇంట్ల ఏమన్న కష్టాలున్నయా అని అడుగుతున్నడు. ఇంటామె గజగజ వణుకుతున్నదట. ఉరేసుకోనీకె మా ఇల్లే దొరికిందా అంటున్నదట!"

నవ్వొచ్చింది గానీ నవ్వే సమయం కాదు. ఆ ఇల్లు పోతే ఇంకోటి లేదు. యాదగిరి సార్‌ను పిలిపించి, టీచరమ్మ తాడు పట్టుకుని లేస్తున్న ఫోటో తీయించి, అదే ఫ్యాక్స్ చేయించాను. ఫోటో ఫ్యాక్స్‌లో ఎట్లా వస్తుందో మీకు తెలుసు కదా. మా దగ్గర మిగిలిన నకలు చూస్తే నాకే గుండె ఆగింది. నల్లటి గది, నల్లటి తాడు, తాడుకు ఒక నల్లటి మనిషి.

"యా అల్లా" అన్నాడు ఖాజా సాబ్. "ఉన్న సంబంధం కూడ చెడగొట్టినవ్."

సాయంత్రానికి కిమ్ నుంచి ఒక్క వాక్యం. క్షమించండి, ఇంటామె ఒప్పుకోవడం లేదు.

టీచరమ్మకు చెప్పే పని నేను తప్పించుకున్నాను. ఖాజా సాబే చెప్పాడు. మెత్తగా, సింగపూర్ సంగతి మళ్ళీ ఎత్తుతూ. ఆమె అంతా విని లేచింది. "ఫోన్ ఉన్నదా ఆయనది?"

కింద ఎస్టీడీ బూత్‌కు పోయాం. బిల్లు మీటరులో ఎర్రటి అంకెలు గబగబా పరుగెడుతున్నాయి. టీచరమ్మ వాటి వైపు చూడనే లేదు. తరగతిలో వెనక బెంచీకి వినపడే గొంతుతో, ఒక్కో మాట విడదీసి, ఇంగ్లీషులో చెప్పింది. "మిస్టర్ కిమ్. నేను టీచర్ని. నా నడుము వంగదు. తాడు లేవడానికి. చావడానికి కాదు. నేను బతకడానికే మీ ఊరు వస్తున్నాను. ఈ మాట ఆమెకు చెప్పండి. ఏం చెబుతారో ఒకసారి నాకు అప్పజెప్పండి."

అటు నుంచి కిమ్ అప్పజెప్పాడు. తప్పు పోతే మళ్ళీ చెప్పించింది. బూత్ అద్దం బయట ఖాజా సాబ్ నా వైపు తిరిగి, చిన్నగా అన్నాడు: "నా చిన్నప్పుడు గీమె నాకు పాఠం చెప్పుంటే నేను కలెక్టరు అయ్యేటోన్ని."

రెండ్రోజులకు జవాబొచ్చింది. ఇంటామె రమ్మంది. షరతు ఒక్కటే. ఆ దూలం వాళ్ళ మామగారు నిలబెట్టింది, దానికి ఇంతవరకు ఇనుము తగల్లేదు. తాడు కట్టుకోవచ్చు, మేకు కొట్టొద్దు.

వాళ్ళు చెప్పినవి

తిరిగొచ్చాక ఇద్దరూ మా ఆఫీసుకొచ్చి ఒకరి మాట ఒకరు లాక్కుంటూ చెప్పారు.

సియోల్‌లో దిగగానే కస్టమ్స్‌వాళ్ళు పెట్టె తెరిచారట. పైనే మోకు లాంటి తాడు, ముడులు, పాత చీర గుడ్డలు. ఎందుకని సైగ చేశారట. యాదగిరి సార్ అక్కడే నేల మీద కాళ్ళు చాపి కూర్చుని, తాడు ఒక కొస ఆ ఆఫీసరు చేతికే ఇచ్చి, రెండో కొస పట్టుకుని మూలుగుతూ లేచి చూపించాడట.

"మూలుగుడు ఎందుకయ్యా? నేనేమన్న గట్ల మూలుగుతనా?"

"నువ్వు మూలిగేది నీకెట్ల ఇనపడుతది టీచర్?"

పర్వతం ఎట్లా ఉందని అడిగాను. "మన నల్గొండ గుట్టకు కింది నుంచి మీది దాక చెట్లు పెంచి, ఆ చెట్లకు ఎర్ర రంగు, పసుపు రంగు పూస్తే ఎట్లుంటదో గట్లున్నది" అంది టీచరమ్మ. "మనోళ్ళు గుట్టను కంకర కింద చూస్తరు. వాళ్ళు దేవుని కింద చూస్తరు." సముద్రం సంగతి కూడా అడిగాను. "అది చెప్పనీకె రాదు" అంది.

ఆ పల్లెలో వాకిలి నిండా మిరపకాయలే. ఇంటావిడ నిండా అరవై దాటిన మనిషి, వీళ్ళ భాష ముక్క రాదు. టీచరమ్మ వాకిట్లోనే ఆగి, సార్ తీసిచ్చిన ఒక మిరపకాయ తుంచి, వాసన చూసి, ఇంకా ఒక రోజు ఎండాలని చేత్తో చూపించిందట. ఆవిడ నవ్విందట. ఇక ఇద్దరికీ భాషతో పని పడలేదు. భోజనం దగ్గర చాపిన కాళ్ళు ఎదుటివాళ్ళ వైపు ఉన్నాయని టీచరమ్మ ఇబ్బంది పడుతుంటే, ఆవిడ ఒక బొంత తెచ్చి కాళ్ళ మీద కప్పి, దాని మీదే కూరగిన్నె పెట్టబోయి ఇద్దరూ నవ్వుకున్నారట. క్యాబేజీతో పెట్టిన తొక్కు మొదటి పూట ఘాటుగా, పుల్లగా, అదోలా ఉందట. మూడో పూటకు యాదగిరి సార్ అడిగి పెట్టించుకున్నాడట.

"మరి నేల?" అన్నాను. అప్పటిదాకా అడగడానికి భయపడ్డాను.

టీచరమ్మ యాదగిరి సార్ వైపు చూసింది. ఆయనే చెప్పాడు. "పొయ్యికి దగ్గర జాగ పెద్దోళ్ళకు, వచ్చినోళ్ళకు ఇస్తరట. అది టీచర్‌కు ఇచ్చింది. నన్ను తలుపు దగ్గర పండుకోబెట్టింది, సల్లగ. పండుకున్న. ఇప్పుడు లేపుతది, ఇప్పుడు లేపుతది అని చూస్తున్న. లేపుతలేదు. భయమైంది. పోయి ముక్కు కాడ చెయ్యి పెట్టి చూసిన."

"నిద్రపోతున్న మనిషి ముక్కుల చెయ్యి పెట్టిండు బిడ్డా."

"గురక పెడుతున్నది. ఇగ నేను కూడ పండుకున్న. తెల్లారి ఆమెనే నన్ను లేపింది."

నొప్పి పోయిందని నేను చెప్పను. పోలేదు. ఆ ఇంట్లో ఉన్నన్ని రాత్రులు ఇద్దరూ నిద్రపోయారు, అంతే. అంత మాత్రానికే ఖాజా సాబ్ రుమాలుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

తాడు తెచ్చుకున్నారా అని అడిగితే టీచరమ్మ తలూపలేదు, మనిషే అటూ ఇటూ తిరిగింది. "ఇయ్యలేదు. వచ్చేటప్పుడు విప్పబోతే చెయ్యి పట్టుకున్నది. ఆమె మోకాళ్ళు నేను చూస్తనే ఉన్న గద, గోడ పట్టుకొని లేస్తది. ఒక్కసారి తాడు పట్టుకోమని నేర్పిన. ఇగ వదుల్తదా?"

పత్తికట్టె

ఆ చలికాలంలో యాదగిరి సార్ కబురు పంపాడు. నేను, ఖాజా సాబ్ కలిసి మర్రిగూడ పోయాం. పడకగదిలో మంచం లేదు. దాని జాగాలో మోకాలెత్తు అరుగు, పైన నున్నటి షాబాదు బండలు. గోడ బయట చిన్న పొయ్యి. పొగ, వేడి బండల కింది కాలువల్లో మెలికలు తిరిగి అవతలి గోడ గొట్టంలోంచి పోతుంది. పల్లెలో చూసిందంతా ఆయన చేతులు చాపి కొలుచుకొచ్చాడట. మేస్త్రీ మొదట్లో వీళ్ళకు మతి పోయిందనుకున్నాడట. పొయ్యిలోకి పత్తికట్టె. మర్రిగూడలో నీళ్ళు మంచివి లేకపోవచ్చు, పత్తికట్టెకు కరువు లేదు.

"మరి ఎండకాలం?" అన్నాడు ఖాజా సాబ్.

"ఎండకాలం పొయ్యెందుకు సాబ్? మర్రిగూడ మొత్తం గదే నేల" అంది టీచరమ్మ.

గూట్లో ఇటుకలు లేవు. వాటిని కూడా అరుగులోనే కట్టేశారట.

ఖాజా సాబ్ అరుగు మీద కూర్చుని చేత్తో తడిమి చూశాడు. తర్వాత టోపీ తీసి పక్కన పెట్టి, వెల్లకిలా పడుకున్నాడు. "బేటీ, పాస్‌పోర్ట్ లేకుండ తెచ్చినవ్ నన్ను కొరియాకు" అన్నాడు కళ్ళు మూసుకుని. కాసేపటికి నిద్రపోయాడు.

ఇంకో కొసన నేనూ పడుకున్నాను. వేడి నడుము దగ్గర మొదలై మెల్లగా భుజాల దాకా పాకింది. వంటింట్లోంచి వాళ్ళిద్దరూ చాయ్‌లో అల్లం ఎంత వేయాలన్న దాని మీద పోట్లాడుకోవడం వినిపిస్తోంది. ఎంతసేపున్నానో తెలియదు.

ఎన్ని దేశాలు తిరిగారని అడిగే పిల్లలకు నేను చెప్పే జవాబు ఒక్కటే. తిరగలేదు. ఒక దేశంలో ఒక మధ్యాహ్నం పడుకున్నాను. చాయ్ వచ్చిందని టీచరమ్మ పిలిస్తే, పైనుంచి వేలాడుతున్న కొత్త తాడు పట్టుకుని లేచాను.